మత్తేభానికి ఏడో సర్వీసింగ్

ఒక పెద్ద అడవిలో కొత్తగా తారురోడ్డు పడింది. రోడ్డు పడ్డ ఆరు నెలలకే అక్కడి జంతువులకి నడవడం నామోషీ అయిపోయింది. కుందేళ్ళు స్కూటర్లు కొన్నాయి. దుప్పులు వాయిదాల మీద చిన్నకార్లు తీసుకున్నాయి. అడవిపంది ఒక పాత జీపు కొని, దానికి నిమ్మకాయలు కట్టి, పొద్దస్తమానం తుడుచుకుంటూ కూర్చుంది.

గుబురయ్య అనే ఎలుగుబంటి మాత్రం ఏడాది పాటు ఏమీ కొనలేదు. పొదుపు చేసి కాదు. కొంటే అందరికంటే పెద్దదే కొనాలని.

తూర్పుకొండ మీది తేనెపట్లన్నీ మూడు తరాలుగా గుబురయ్య కుటుంబానివే. ఆ అడవిలో ఏది కొనాలన్నా తేనెకుండలే ఇవ్వాలి. ఆ ఏడు దిగిన తేనె మొత్తం ధారపోసి గుబురయ్య ఒక బండి కొన్నాడు. దాని పేరు మత్తేభం. ఏడు సీట్లు. సీట్లలోంచి చల్లగాలి వస్తుంది. నడినెత్తిన అద్దాల కప్పు. షోరూమ్ గోడ మీద ఆ బండి బురదలో దూకుతున్న బొమ్మ వేసి, కింద "కొండైనా కోనైనా ఒకటే" అని రాశారు.

"ఇంత బండి మనకెందుకండీ?" అంది భార్య మైనమ్మ. "తూర్పుకొండ మన పెరటి వెనకాలే కదా."

"కుటుంబం కోసమే," అన్నాడు గుబురయ్య.

కుటుంబమంటే అతనూ, మైనమ్మా, ఇద్దరు ఆడపిల్లలూ, మైనమ్మ తల్లి భ్రమరమ్మ. అయిదు సీట్లలో అయిదుగురు కూర్చుంటే మిగిలిన రెండింటిలో గుబురయ్య గౌరవం కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఎదురొచ్చిన ప్రతివాడూ పక్కకి తప్పుకుంటుంటే అతనికి చెట్టెక్కి పట్టు దించినప్పటికంటే ఎక్కువ హాయిగా ఉండేది.

మొదటి మూడు సర్వీసింగులు ఉచితమన్నారు. ఉచితమంటే చేతికూలి మాత్రమేననీ, ఆయిలూ ఫిల్టర్లూ వగైరా వాటిలోకి రావనీ మూడో సర్వీసింగ్ అయ్యాక గానీ గుబురయ్యకి బోధపడలేదు. అయినా అతను బాధపడలేదు. సర్వీస్ సెంటర్‌లో చల్లటి గది, మెత్తటి సోఫా, చిన్న కప్పులో టీ. అడవిపంది తన జీపుని చెట్టు కింద బాగుచేయించుకుంటుంటే అటుగా పోతూ, అయ్యో పాపం అనుకునేవాడు.

మూడో సర్వీసింగ్ అయిన వారానికి భ్రమరమ్మ వెనక సీట్లోంచి పిలిచింది.

"అల్లుడూ, నా వీపు వెనకాల ఎవరో ఎక్కాలు చదువుతున్నారు."

పిల్లలు పగలబడి నవ్వారు. "అమ్మకి చెవులు సరిగ్గా వినపడవులెండి," అంది మైనమ్మ. కానీ మర్నాడు గుబురయ్యకీ వినపడింది. ఎక్కాలు కాదు గానీ, కీచ్ కీచ్‌మని సన్నటి శబ్దం. బండి పల్లంలోకి దిగినప్పుడు ఒకసారి, మలుపు తిరిగినప్పుడు నాలుగుసార్లు.

మెత్తటి బండిలో సన్నటి శబ్దం మహా చెడ్డది. గుబురయ్యకి అది చెవిలో దూరిన చీమ అయింది. వెంటనే సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాడు.

అక్కడ సలహాదారు సుభాషణరావు అనే నక్క. నున్నగా దువ్విన తోక, మెడలో టై, మాటకి ముందొక సార్, వెనకొక సార్.

"రండి సార్, ముందు కూర్చోండి సార్. టీయా, కాఫీయా?"

"టీ సంగతి తర్వాత. బండి వెనకాల కీచుమంటోంది."

సుభాషణరావు బండెక్కి అడవంతా ఒక చుట్టు తిప్పించాడు. చిత్రం, బండి కిమ్మనలేదు. గుబురయ్య గుంతలు చూసి మరీ నడిపాడు. అయినా కిమ్మనలేదు.

"నేను అబద్ధం చెప్పడంలేదయ్యా," అన్నాడు గుబురయ్య, తానే ఏదో తప్పు చేసినట్టు.

"ఛ, ఛ. అలా ఎందుకనుకుంటాం సార్? దాక్కున్న శబ్దమే ప్రమాదం. బ్రేక్ ప్యాడ్లు మార్చేద్దాం."

నాలుగో సర్వీసింగ్‌లో బ్రేక్ ప్యాడ్లు మార్చారు. మూడు కుండలు పోయాయి. మూడు రోజులు బండి నిశ్శబ్దంగా నడిచింది. నాలుగోరోజు పొద్దున పిల్లల్ని బడికి తీసుకెళుతుంటే మళ్ళీ కీచ్.

అయిదో సర్వీసింగ్‌లో సస్పెన్షన్ మార్చారు. అయిదు కుండలు. ఈసారి గుబురయ్య వారంటీ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

సుభాషణరావు దాన్ని రెండు చేతులా అందుకుని, భక్తిగా చదివి, బండి కింద వంగి చూశాడు. "బురదలో నడిపారా సార్?"

"నడిపాను. కొండైనా కోనైనా పోతుందని మీరేగా గోడ మీద రాశారు?"

"పోతుంది సార్. పోతే వారంటీ కూడా పోతుంది. అది లోపలి పేజీలో రాశాం."

ఆ సాయంత్రం మైనమ్మ భర్తకి నీళ్ళందిస్తూ మెల్లగా అంది. "వాగవతల వడ్రంగిపిట్ట ఉన్నాడు కదా. ఎవరి బండైనా ముక్కుతో నాలుగు చోట్ల కొట్టి, విని, జబ్బు చెప్పేస్తాడట. ఒకసారి చూపించకూడదూ?"

"మత్తేభాన్ని తీసుకెళ్ళి చెట్టు కింద పెట్టమంటావా?" గుబురయ్యకి కోపం వచ్చింది. "బయటివాడు ముక్కు పెడితే ఉన్న గ్యారంటీ కాస్తా పోతుంది."

"ఉన్నదేమిటి?" అంది మైనమ్మ. ఉన్నదేమిటో అతనికీ తెలియదు.

ఆరో సర్వీసింగ్‌లో వెనక తలుపు మార్చారు. సాఫ్ట్‌వేర్ కూడా కొత్తది వేశామన్నారు. ఆ సాఫ్ట్‌వేర్ ఎలా ఉంటుందో చూపించమంటే, కళ్ళకి కనపడదు సార్ అన్నారు. కనపడనిదానికి నాలుగు కుండలు. శబ్దం మూడు రోజులు ఆగి, నాలుగోరోజు వచ్చింది. ఈమాటు కాస్త గట్టిగానే వచ్చింది.

ఏడో సర్వీసింగ్‌కి సుభాషణరావు ఇచ్చిన ఎస్టిమేట్ పదకొండు కుండలు. ఇంట్లో మిగిలినవి తొమ్మిది. అవి మైనమ్మ వానాకాలం కోసం దాచినవి. వానలు పడితే మూడు నెలల పాటు కొండ మీద పట్టు ఉండదు. ఆ తొమ్మిదితోనే అయిదు కడుపులు గడవాలి.

గుబురయ్య కొట్టుగది దగ్గరకి వెళ్ళేసరికి మైనమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. అరవలేదు, ఏడవలేదు.

"ఇంకొక్క కుండ కదిలిందంటే నన్ను దాటుకునే కదలాలి," అంది.

గుబురయ్య ఒట్టి చేతులతో సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాడు. సంగతి విని సుభాషణరావు తలుపు దగ్గరగా వేశాడు.

"ఇన్సూరెన్స్ కట్టారు కదా సార్?"

"కట్టాను. ప్రమాదం జరిగితే కదా అది వచ్చేది?"

"అంతే సార్. జరిగితేనే." సుభాషణరావు పైకప్పు వంక చూశాడు. "జరగాలని ఎవరు కోరుకుంటారు చెప్పండి? కాకపోతే ఖర్మకాలి వెనకభాగం దేనికైనా తగిలిందనుకోండి, మొత్తం కొత్తది వేసేయొచ్చు. మీకు చుక్క తేనె ఖర్చుండదు. నేనేమీ చెప్పలేదు సార్."

"నేనేమీ వినలేదు," అన్నాడు గుబురయ్య. వచ్చేటప్పుడు చాలారోజుల తర్వాత ఈల వేశాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, అడవంతా కునుకు తీసే వేళ, మత్తేభాన్ని వాగు గట్టుకి తోలుకెళ్ళాడు. కింద పల్లంలో ఒక మద్దిచెట్టు ఉంది. బండి వెనకభాగాన్ని ఆ చెట్టుకి కాస్త తగిలించాలి, అంతే. మరీ గట్టిగా కాదు. బండంటే అతనికి ప్రేమే. గేరు తీసి, బండి దిగి, చుట్టూ చూసి, రెండు చేతులతో ముందునుంచి మెల్లగా నెట్టాడు.

ఎలుగుబంటి మెల్లగా నెట్టడం వేరు, మెల్లగా అనుకుని నెట్టడం వేరు. మత్తేభం గట్టు దిగి, మద్దిచెట్టుని ఒరుసుకుంటూ పక్కనుంచి పోయి, రాళ్ళ మీద రెండు పల్టీలు కొట్టి, వాగులో వెల్లకిలా పడింది. నాలుగు చక్రాలూ ఆకాశం వైపు తిరుగుతూ ఉండిపోయాయి.

గుబురయ్య పరుగున దిగాడు. అప్పుడు డిక్కీ తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల్నుంచి ముందు ఒక చాప వచ్చింది. తర్వాత ఒక చెంబు, ఒక పలక. వాటి వెనక అయిదు చుంచుపిల్లలు, వాటి వెనక కొంగు దులుపుకుంటూ ఒక చుంచెలుక.

"బుద్ధుందా నీకు?" అంది చుంచెలుక. కీచుమంది అనాలి. గుబురయ్య ఆ గొంతు గుర్తుపట్టాడు. మూడు సర్వీసింగుల గొంతు అది. "పిల్లలు చదువుకునే వేళ ఇల్లు తల్లకిందులు చేస్తావా? రెండోవాడు ఇప్పుడిప్పుడే ఎనిమిదో ఎక్కం పట్టుకున్నాడు!"

"ఎవరమ్మా నువ్వు? నా బండిలో ఏం చేస్తున్నావు?"

"నీ బండి అయితే నాకేం? స్టెప్నీ పక్క గది నేను అద్దెకి తీసుకున్నాను. నా పేరు చుంచమ్మ. నెలకి రెండు దోసిళ్ళ వేరుశనగలు కడుతున్నాను." ఆమె చంకలోని సంచిలోంచి కాగితం తీసింది. దాని కింద సర్వీస్ సెంటర్ ముద్ర నీలంగా మెరుస్తోంది. "ఇదిగో, షరతులు కూడా ఉన్నాయి. సర్వీసింగ్ రోజూ, ఆ తర్వాత మూడు రోజులూ నోరెత్తకూడదని. పిల్లల మూతులు కట్టి మరీ పాటించాను. నాలుగోరోజు నుంచి మా ఇష్టం."

గుబురయ్య రాయి మీద కూలబడ్డాడు. బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్, వెనక తలుపు, కళ్ళకి కనపడని సాఫ్ట్‌వేర్, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు తిరిగాయి. అత్తగారు ఎక్కాలన్నప్పుడు వినిపించుకోనందుకు ఇప్పుడు సిగ్గేసింది.

"నమస్కారం," అని పైనుంచి వినపడింది. మద్దిచెట్టు కొమ్మ మీద ఇన్సూరెన్స్ సర్వేయర్ రాబందు కూర్చుని ఉన్నాడు. ఒడిలో ఫైలు.

"మీరెప్పుడు వచ్చారు?"

"అరగంటైంది. ప్రమాదం జరగబోతుంటే మాకు ముందే వాసన వస్తుంది. మీరు గేరు తీయడం, నెట్టడం అన్నీ రాసుకున్నాను. చేతులు రెండూ వాడారు కదూ?"

విషయం అడవిసభకి వెళ్ళింది. న్యాయాధికారి ఏనుగు. ఆయన ఏ బండిలోనూ పట్టడు కనుక బండ్ల తగాదాల్లో ఆయనకి పక్షపాతం ఉండదని ఆ పదవి ఇచ్చారు.

గుబురయ్య తన గోడంతా చెప్పుకున్నాడు. "నా బండిలో వాళ్ళని ఈయనే కాపురం పెట్టాడు. ఆ శబ్దం పోగొడతానని నా కుండలు ఊడ్చేశాడు. ఇంతకంటే దోపిడీ ఉంటుందా?"

ఏనుగు సుభాషణరావు వైపు తిరిగాడు. "అంటే ఆ శబ్దం ఏమిటో నీకు ముందే తెలుసా?"

"తెలుసు, మహాప్రభూ," అన్నాడు సుభాషణరావు ఏమాత్రం తొణకకుండా. "కానీ సార్ ఎప్పుడు వచ్చినా శబ్దం పోగొట్టమనే అన్నారు. ఆ శబ్దం ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేవాళ్ళం. ఇక అద్దె సంగతంటారా, జాబ్ కార్డు వెనకాల చూడండి. బండిలోని ఖాళీ స్థలాన్ని సంస్థ తగినట్టు వాడుకోవచ్చునని ఉంది. కింద సార్ సంతకం ఉంది."

"ఆ అక్షరాలు ఎవరికి కనపడతాయి?" అని అరిచాడు గుబురయ్య. "భూతద్దం కావాలి!"

"రిసెప్షన్‌లో భూతద్దం పెట్టాం సార్. మీరు టీ అడిగారు గానీ అది అడగలేదు."

ఏనుగు కళ్ళు మూసుకున్నాడు. ఆలోచిస్తున్నాడో నిద్రపోతున్నాడో ఎవరికీ తెలియలేదు. చాలాసేపటికి తెరిచి తీర్పు చెప్పాడు.

సుభాషణరావు కాగితం ప్రకారమే నడుచుకున్నాడు, అయినా కాస్త మర్యాదగా నడుచుకుని ఉండవలసింది. గుబురయ్య కావాలని బండిని తోసేశాడు కనుక ఇన్సూరెన్స్ రాదు. ఆ బండిలో ఒక తల్లీ, అయిదుగురు పిల్లలూ కాపురం ఉన్నారు కనుక, వాళ్ళ ఇంటిని ఎప్పటిలా బాగుచేయించి ఇవ్వవలసిన బాధ్యత గుబురయ్యదే. బాగుచేయించడం అసలు విడిభాగాలతో, ఆ సర్వీస్ సెంటర్‌లోనే జరగాలి. ఇక గుబురయ్య పడిన మనోవేదనకి పరిహారంగా సర్వీస్ సెంటర్ అతనికి మూడు సర్వీసింగులు ఉచితంగా చేయాలి.

సభ చప్పట్లతో మార్మోగింది. ముందుగా కొట్టింది సుభాషణరావు.

మర్నాడు సర్వీస్ సెంటర్ కోతులు వచ్చి తొమ్మిది కుండలూ మోసుకుపోయాయి. ఈసారి మైనమ్మ గుమ్మానికి అడ్డం కూర్చోలేదు. పక్కకి జరిగి, కుండలు ఒలక్కుండా పట్టుకోమని మాత్రం చెప్పింది. బండి బాగుపడటానికి ఆ తొమ్మిదీ చాలలేదు. ఇంకా ఇరవై కావాలన్నారు.

వానలు పడ్డాయి. పిల్లలు పొద్దున చీమలు తిన్నారు, సాయంత్రం చెదలు తిన్నారు. చిన్నది ఒకరోజు కొట్టుగదిలోకి వెళ్ళి, కుండలు పెట్టిన చోట నేలని నాకుతుంటే గుబురయ్య చూశాడు. చూసి బయటికి వెళ్ళి వానలో నిలబడ్డాడు. వానలో నిలబడితే మొహం దేనితో తడిసిందో ఎవరికీ తెలియదు.

ఆ తడితోనే సర్వీస్ సెంటర్‌కి నడుచుకుంటూ వెళ్ళాడు. "ఇరవై కుండలు నా వల్ల కాదు. బండి మీరే ఉంచుకోండి," అన్నాడు.

"అంత మాటెందుకు సార్?" సుభాషణరావు తువ్వాలు అందించాడు. "మా దగ్గర పనికి రండి. సలహాదారుగా. ఏడో సర్వీసింగ్ దాకా వచ్చిన అనుభవం ఈ అడవిలో ఇంకెవరికీ లేదు. మీ మొహం చూస్తేనే కస్టమర్లకి నమ్మకం కలుగుతుంది."

గుబురయ్య పంజా లేచింది. ఒక్క దెబ్బకి నక్క మెడ విరిగిపోయేది. కానీ లేచిన పంజా కింద చిన్నకూతురు నాలుక కనిపించింది. పంజా దించి, నక్క చాపిన కొత్త టై అందుకున్నాడు.

సంగతి విని మైనమ్మ అతని టై సరిచేసింది. "వెళ్ళండి. కానీ మన కడుపు కొట్టినట్టు ఇంకొకళ్ళ కడుపు కొట్టకండి."

"నాకు చెప్పాలా? ఆ బాధ నాకు తెలియదా?" అన్నాడు గుబురయ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు.

మొదటి నెలంతా మాట మీద నిలబడ్డాడు. కుందేలు స్కూటర్ తెస్తే, "దీనికేం కాలేదమ్మా, గాలి కొట్టించుకో చాలు," అని పంపేశాడు. అడవిపందిని పక్కకి పిలిచి వడ్రంగిపిట్ట దగ్గరకి వెళ్ళమన్నాడు. నెలాఖరున జీతానికి చెయ్యి చాపితే సుభాషణరావు ఖాళీ కుండ చేతిలో పెట్టాడు. "ఇక్కడ జీతం ఉండదు సార్. మీరు రాసిన ఎస్టిమేట్‌లో వాటా ఉంటుంది. మీరేమీ రాయలేదు."

ఆ కుండ పట్టుకుని ఇంటికి వెళితే పిల్లలిద్దరూ పరుగెత్తుకొచ్చి, ఒకరి తర్వాత ఒకరు దాంట్లో తల పెట్టి చూశారు.

రెండో నెల మొదటి రోజు దుప్పి చుక్కమ్మ వచ్చింది. ఆమె బడిలో పంతులమ్మ. కొత్త మత్తేభం కొని రెండు నెలలైనా కాలేదు. భర్తా, ముగ్గురు పిల్లలూ బండిలోనే కూర్చుని అద్దాల కప్పులోంచి మబ్బులు చూస్తున్నారు.

"బండికేమీ లేదండీ, బ్రహ్మాండంగా ఉంది," అంది చుక్కమ్మ. "పిల్లలు సీట్ల మీద నేరేడుపళ్ళు తొక్కేశారు. కడిగి ఇచ్చేయండి చాలు."

గుబురయ్య బండి చుట్టూ తిరిగాడు. ఎక్కడా గీత లేదు. పిల్లల వంక చూశాడు. వాళ్ళు చెయ్యి ఊపారు. అతనూ ఊపాడు. తర్వాత వంగి, బోనెట్ మీద చెవి ఆనించి, చాలాసేపు అలాగే ఉండి, తల అడ్డంగా ఊపుతూ లేచాడు.

"ఏమైందండీ?" అంది చుక్కమ్మ కంగారుగా. "శబ్దం కూడా ఏమీ లేదే!"

"అదేనమ్మా నా భయం," అన్నాడు గుబురయ్య. "ముందు కూర్చోండి. టీయా, కాఫీయా?"

నీతి: మోసపోయిన అనుభవం ఏనాడూ వృథా కాదు, ఆ అర్హత ఉన్నవాళ్ళకే ఉద్యోగంలో మొదటి ప్రాధాన్యం.